ఒకటో తరగతి గీత కాడ

మొదలు, రాత్రి వంకరగ పండుకున్ననేమో అనుకున్న.
తర్వాత, ఇరవై రెండేండ్లు బస్సుల రాడ్డు పట్టుకున్న చెయ్యి
ఇప్పుడు బాకీ అడుగుతున్నదేమో అనుకున్న.
అనసూయక్క నువ్వుల నూనెల వెల్లుల్లి కాచి తెచ్చింది.
ఒకరు గాలి పట్టిందన్నరు, ఒకరు నరం తప్పిందన్నరు.
జబ్బ మాత్రం ఏమీ అనలే,
రాత్రి రెండింటికి తప్ప.

రైక తొడుక్కునేటందుకు పావుగంట ముందు లేస్తున్న.
మొదలు నొప్పి చెయ్యి, తర్వాత మంచి చెయ్యి,
ఇడిసేటప్పుడు తిరగేసి.
ఈ వరుస నేర్చుకునేసరికి ఉగాది దాటింది.
జడ నవనీత వేస్తది,
చిన్నప్పుడు నేను లాగినంత గట్టిగనే లాగుతది.

సికింద్రాబాద్ నుంచి అఫ్జల్‌గంజ్ దాకా
బెల్లు తాడు నాకు రెండు జానల మీద ఊగుతుంటది.
అందదు.
మొయినన్న అద్దంల చూసిండు, ఏమీ అడగలే.
తెల్లారి తాడు కొసకు
మూరెడు సుతిలి ముడేసి ఉన్నది.

చిలకలగూడ కాడ రద్దీల
ఎవలో పిల్లగాని బ్యాగు జబ్బకు తాకింది.
చిల్లరంత కింద పడ్డది.
‘సారీ ఆంటీ’ అనుకుంట ఏరి ఇచ్చిండు.
కండ్లు తుడుసుకుందమంటే
ఒక చేతిల టికెట్ మిషను,
ఇంకో చెయ్యి మొండికేసింది.

పద్మారావునగర్ల, మెట్ల కింది గదిల,
తస్లీమ్ డాక్టరమ్మ ప్లాస్టిక్ బొక్క చేతిల పట్టుకొని చెప్పింది:
‘కీలు చుట్టూత ఒక సంచి ఉంటదమ్మా.
అది వాచి, మందమై, కురచైంది,
మొదటిసారి ఉతికిన కాటన్ బట్ట తీరు.
షుగర్ ఉన్నదా?’
ఉన్నది.
‘ఉన్నోళ్ళ జోలికి ఎక్కువొస్తది.
ముందు నొప్పి, తర్వాత బిగుసు, ఆఖరికి వదులు.’
ఎన్ని దినాలన్న.
‘ఏడాది. రెండు కూడా కావొచ్చు.’
ఆఖరి స్టాపు చెప్పకుంట
టికెట్ కొట్టుమన్నట్టే ఉన్నది.

‘జబర్దస్తీ చెయ్యొద్దు. ఊకె కూసోనూ వద్దు.
వేడి నీళ్ళ సంచి పెట్టు,
వంగి చెయ్యి ఇడిసిపెట్టి గంట తీరు ఊపు,
గోడ మీద వేళ్ళతోని నడువు.’

వారాసిగూడల మా ఒక్క గదికి
ఖాళీ గోడంటే తలుపు పక్కదే.
దాని మీద నవనీత ఎత్తు గీతలు,
ఏటా బడి తెరిచిన దినం నేను గీసినయి.
సున్నాలేసేటోన్ని ఆ జానెడు పట్టీ ముట్టనియ్యలే.

మొదటి దినం నా వేళ్ళు
ఒకటో తరగతి గీత దాకా ఎక్కినయి.
ఆడ ఆగినయి,
బడి గేటు పట్టుకొని లోపలికి రానని ఏడ్సినప్పుడు
అదెట్ల ఆగిందో అట్ల.

ఆషాఢంల బోనం నేనెత్తలే.
నవనీత ఎత్తింది. పక్కన వేపకొమ్మ పట్టుకొని నడిసిన,
ఎడమ చేత్తోని.
దసరాకు మూడో తరగతి.
అయిదు కాడ నెల దినాలు ఫెయిలైన.
డాక్టరమ్మ సూది వేసింది,
నిద్ర వచ్చింది గని బిగుసు పోలే.
కోపమొచ్చి వారం దాకా గోడ దిక్కు చూడలే.
మళ్ళ చూస్తే నాలుగుకు దిగిన.
గోడకేం పోయింది,
అది ఎవ్వలి కోసం వంగదు.

నిన్న పదో తరగతి దాటిన.
దాని మీద గీతల్లేవు, పిల్ల అంతకంటే ఎదగలే.
ఉత్త గోడ, మేకు ఊడిన తొర్ర ఒకటి.
‘అమ్మా, చెయ్యి తియ్యకు’ అని ఉరికి పెన్సిలు తెచ్చింది.
మునివేళ్ళ మీద నిలబడి
నా వేలి కొసకు గీత గీసి తారీకు రాసింది.
‘ఇదేం తరగతే?’ అన్నది.
చెప్పలే. లోపల జబ్బ కటుక్కుమన్నది.

చెయ్యి ఎనకకు నడుము దాకనే పోతది ఇంకా.
జడ అదే వేస్తది.
తాడు ఇప్పుడు అందుతది గని
మొయినన్న కట్టిన సుతిలి ఇప్పలే.
రేపు ఫస్ట్ డ్యూటీ. నాలుగింటికి లేవాలె,
రైక కోసం ఇంకో పది నిమిషాలు ముందుగాల.